మా మామ మింగిన గొర్రెల మాత్ర

మా మామ బయ్యన్న గొర్రెల డాక్టరు. ఏ కాలేజీలోనూ చదవలేదు, గోడకు సర్టిఫికెట్టు వేలాడదీయలేదు. అయినా మడకశిర చుట్టుపక్కల పది పదిహేను ఊళ్లలో గొర్రె పడుకుని లేవకపోతే ముందు గుర్తొచ్చేది ఆయనే. నేను గోరంట్ల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లయింది. డిగ్రీ చదివాను, ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతాను, కోపం ముక్కు మీద ఉంటుంది. మొదట్లో ఈ మూడూ మామకు నచ్చలేదు. పోనుపోను మొదటి రెండింటికీ అలవాటు పడ్డాడు.

గొర్రెను చూడడంలో ఆయనకో పద్ధతి ఉంది. వెళ్లగానే గొర్రెను ముట్టుకోడు. వెనకాల నిలబడి బీడీ వెలిగిస్తాడు. అది ఉచ్చ పోసేదాకా అలాగే చూస్తాడు. పోయకపోతే అరగంటైనా, గంటైనా ఎండలో నిలబడతాడు. తర్వాత గొర్రె యజమానిని పట్టుకుంటాడు. ఏం మేసింది, ఏం మందు వేశావు అని అడుగుతాడు. ప్రతి వాడూ ముందు తనకేమీ తెలియదంటాడు. ఎందుకంటే మామను పిలవక ముందే వాడు సొంత తెలివితో ఏదో ఒకటి వేసి ఉంటాడు. ఆ సంగతి బయటికి లాగేదాకా మామ నోరు ఊరుకోదు. అదంతా అయ్యాకే తన రేకు పెట్టె మూత తెరుస్తాడు.

ఆయన పెట్టిన ఆనవాయితీ ఇంకొకటి కూడా ఉంది. మా మందలో బూడిది అని ఒక ముసలి గొర్రె. నాలుగేళ్ల కిందట ఎవరో సూది వేస్తే దానికి పడక, మూతి వాచి, నాలుక బయటపెట్టి కింద పడిపోయింది. మామ బతికించాడు. లేచి నిలబడ్డాక దాని మెడకు ఎర్ర ఉన్ని దారం కట్టాడు. మెడకు ఎర్ర దారం ఉన్న గొర్రె కనిపిస్తే, దానికి ఏది పడదో అడగకుండా ఎవరూ ఏ మందూ వేయకూడదు. మంద ఎవరి చేతికి మారినా దారం చెబుతుంది. ఇప్పుడు మా వైపు మందల్లో అలాంటి ఎర్ర దారాలు పదికి తక్కువ ఉండవు.

ఇంత తెలిసిన మనిషి తన ఒంటి విషయంలో చేసిన పని చెబుతాను.

మొన్న మార్చిలో మా మంద చిన్నప్ప అనే రైతు చేనులో ఉంది. చిన్నప్పకూ గొర్రెలున్నాయి గానీ తక్కువ. శెనక్కాయ వేసే ముందు చేనికి ఎరువు కావాలని మా మందనూ నిలుపుకున్నాడు. మామా, మా అత్త బయమ్మా అక్కడే గుడిసె వేసుకుని కావలి ఉన్నారు. ఒకరోజు సర్కారు తుమ్మ ముల్లు చెప్పులోంచి దూరి మామ అరికాల్లో దిగింది. గొర్రెల గిట్టల్లో ముళ్లు తీసే పట్టకారుతో తనే పీకేసుకున్నాడు. మూడో రోజుకి పాదం ఉబ్బి చెప్పు పట్టలేదు. సబ్ సెంటరుకి వెళ్లి నర్సమ్మకు చూపించుకోమని చెప్పాను. సరేనన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగితే, మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాడు. నేను నమ్మాను. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. కాకపోతే ఆ మాత్రలు సబ్ సెంటరువి కావు, ఆయన రేకు పెట్టెలోవి. గొర్రెలకు విరేచనాలు పట్టినా, పుండు పడినా వేసే సల్ఫా మాత్రలు. ఒక్కొక్కటి బొటనవేలంత ఉంటుంది.

మనుషుల మాత్రల మీద ఆయనకు మొదటి నుంచీ చిన్నచూపు. అంత చిన్న బిళ్లలో మందెంత ఉంటుంది, అంతా పిండే కదా అంటాడు. గొర్రెల మాత్రను రాతితో చితక్కొట్టి, మజ్జిగలో కలిపి తాగాడు. పుండు మానింది కూడా, అయినా మాత్ర ఆపలేదు. మాత్రలు మొదలుపెట్టిన ఆరో రోజు అంగన్‌వాడీ ముందు నుంచి కుంటకుండా నడిచి వెళుతూ నాకు పాదం ఎత్తి చూపించాడు.

పదో రోజున ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. వీపు, పొట్ట, చేతులు ఎర్రగా కందిపోయాయి, కొద్దిగా జ్వరం కూడా వచ్చింది. గట్టు మీద వయ్యారిభామ మొక్కలు తగిలి ఉంటాయన్నాడు. అత్త వేపాకూ పసుపూ నూరి పూసింది. నేనూ అంతే అనుకున్నాను. మా అంగన్‌వాడీకి వచ్చే తల్లులకు పిల్లల ఒంటి మీద చిన్న మచ్చ కనిపించినా ఆసుపత్రికి పొమ్మని చెప్పేదాన్ని, ఇంట్లో మనిషి పసుపు ముద్దలా తిరుగుతుంటే చూసి నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మామ మాత్రం ఇంకో లెక్క వేసుకున్నాడు. ముల్లు విషం చర్మంలోంచి బయటికి వస్తోంది, అదంతా పోవాలంటే మందు పెంచాలి అనుకున్నాడు. పెంచాడు.

జబ్బును కనిపెట్టింది అత్త. ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు చేను నుంచి నేరుగా అంగన్‌వాడీకి వచ్చింది. పిల్లలకు గుడ్లు పెడుతున్నాను. తల్లులు నలుగురు కూర్చుని ఉన్నారు. అత్తకు చాటుమాటు మాటలు రావు. "మీ మామ మూన్నాళ్ల నుంచి సరిగ్గా ఉచ్చ పోలేదు ప్రశాంతీ. మొగమంతా ఉబ్బుండాది. అడిగితే గమ్మునుండు అంటాడు," అంది. నలభై ఏళ్లుగా ఊరూరా గొర్రెల వెనకాల నిలబడి చూసిన మనిషి తన సంగతి చూసుకోలేదు. ఆయన వెనకాల మా అత్త నిలబడి చూసింది.

నేను పరుగున చేనుకి వెళ్లి ఆయన కాలి ఎముక మీద వేలితో నొక్కాను. గుంట పడి అలాగే ఉండిపోయింది. అది నీరు పట్టడమని ట్రైనింగులో మాకు చెప్పి ఉన్నారు. నా భర్త భరత్ కారు మాట్లాడుకొచ్చాడు. సాయంత్రానికి అనంతపురంలో పెద్ద ఆసుపత్రిలో ఉన్నాం. మందను చూసుకోవడానికి భరత్ వెనక్కి వెళ్లిపోయాడు, మామ దగ్గర మేమిద్దరం ఆడవాళ్లం ఉండిపోయాం. మామ మాత్రం అంత అవస్థలోనూ తన కంబళి వదల్లేదు. ఎండాకాలం వార్డులో కంబళి ఎందుకని నర్సు అడిగితే, అది లేకపోతే నిద్ర పట్టదన్నాడు.

అక్కడి కిడ్నీ డాక్టరు పేరు అశ్విని. నాకంటే చిన్నదిలా ఉంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ అని ఒకటి ఉంటుంది, ఒకటికి అటూ ఇటూగా ఉండాలి, మామకు మూడున్నర దాటింది. అలర్జీ వచ్చినప్పుడు పెరిగే కణాలు కూడా రక్తంలో ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. పదిహేను రోజులుగా ఏమేం మందులు వాడారని మామను అడిగింది. వేపాకు పూసుకున్నాను తల్లీ, ఇంకేం లేదన్నాడాయన. సబ్ సెంటరులో మాత్రలిచ్చారని నేను మధ్యలో దూరాను. ఏం మాత్రలో కనుక్కోమంటే అక్కడికక్కడే నర్సమ్మకు ఫోన్ చేశాను. మీ మామ ఈ నెలలో మా గడపే తొక్కలేదని ఆమె చెప్పింది.

నాకు కోపం నషాళానికెక్కింది. ఏం మాత్రలు మింగావో చెప్పమని వార్డులో అందరూ వినేలా అరిచాను. మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

డాక్టరమ్మ అరవలేదు. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "పెద్దాయనా, మీ ఒంటికి ఏదో మందు పడలేదు. పైన దద్దుర్లొస్తే గోక్కుంటాండారు. లోపల కిడ్నీలకూ అదే అలర్జీ వచ్చింది, వాటికి గోక్కునేదానికి చేతుల్లేవు. ఊరికే వాచిపోతాయి, ఉచ్చ ఆగిపోతాది. ఏ మందో తెలిస్తే దాన్ని ఆపుతాం. ఆపితే చాలావరకు వాపు దిగుతాది," అంది.

మామ కప్పు వైపు చూస్తూ వేపాకే అన్నాడు.

తర్వాత ఆమె నన్ను బయటికి పిలిచి మిగతాది చెప్పింది. ఇంకో రెండు రోజులు చూస్తారు. తగ్గకపోతే మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేయాలి. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినా అది అలర్జీ అని తెలుస్తుందే గానీ, ఏ మందు వల్లో దానికి తెలియదు. ఆ మందు ఇంకా ఒంట్లోకి వెళుతుంటే ఏ వైద్యమూ పనిచేయదు. వాపు చాలా రోజులుంటే కిడ్నీలు మళ్లీ మామూలు కాకపోవచ్చు. ఆ మాట విని నేను ఆలోచించింది ఒక్కటే. వారానికి రెండు మూడుసార్లు మిషన్ దగ్గర పడుకునే మనిషి మంద వెనక నడవలేడు. మంద లేకుండా మా మామను ఊహించుకోవడం నా వల్ల కాలేదు. ఆ వరండాలో నిలబడి ఏడ్చాను.

మర్నాటికి క్రియాటినిన్ నాలుగున్నర. ఆ మర్నాటికి అయిదున్నర. మందులేవీ పనిచేయడం లేదని డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎలా పనిచేస్తాయి? కంబళి చెంగున ముడి వేసి మామ ఆ మాత్రలు వెంట తెచ్చుకున్నాడని మాకప్పుడు తెలియదు. ఉదయం బాత్రూములోకి వెళ్లి ఒకటి, సాయంత్రం సగం మింగుతూనే ఉన్నాడు. ఆ మాత్రతో పుండు మానింది కాబట్టి ఇదీ అదే మానుస్తుందని ఆయన నమ్మకం. డాక్టర్లకు చెప్పకపోవడానికి కారణం వేరే. ఆ వార్డులో సగం మంది మా వైపు వాళ్లే. వచ్చిన మొదటి రోజే ఇద్దరు ఆయన్ని గుర్తుపట్టి, మంచం దగ్గరికొచ్చి గొర్రెల సంగతులు అడిగి వెళ్లారు. గొర్రెల మాత్ర తిని మంచాన పడ్డాడని తెలిస్తే రేపు తన ముందుకి గొర్రెను ఎవరు తోలుకొస్తారు? ఆయన భయం అది. కిడ్నీలు పోతాయన్న భయం కంటే అదే పెద్దదిగా ఉంది.

మూడో రోజు సాయంత్రం చిన్నప్ప చూడడానికొచ్చాడు. సంచి నిండా బత్తాయిలు తెచ్చాడు. మామ ఎలా ఉన్నాడని ఒక మాట అడిగి, ఆగలేక తన గోడు మొదలుపెట్టాడు. తన గొర్రె ఒకటి పొద్దుటి నుంచి మూతి వాచి, మేత ముట్టకుండా పడుకుని ఉందట. మామ అప్పటిదాకా నీరసంగా ఉన్నవాడు దిండు ఎత్తుకుని కూర్చున్నాడు. పక్క మంచం దగ్గర డాక్టరమ్మ ఎవరికో కాలు చూస్తోంది. అత్త కింద కూర్చుని బత్తాయి తొక్క తీస్తోంది.

ఉచ్చ పోసిందా అని మామ అడిగాడు. పోయలేదన్నాడు చిన్నప్ప.

"ఏం మందేసినావు దానికి?"

"ఏం లేదన్నా. ఊరికే అట్లయింది."

"ఊరికే యాడైతాదప్పా," అని మామ గొంతు పెంచాడు. "నీ చేత్తో ఏదో ఒకటి వేసింటావు. చెప్పేకి సిగ్గయి దాపెట్టుకుంటాండావు. నువ్వు దాపెడితే నీకేం గాదు, గొర్రె సస్తాది. ఏం లోపలికి పోయిందో చెప్తేనే కదా విరుగుడు చూసేది."

చిన్నప్ప తల దించుకున్నాడు. పక్క మంచం దగ్గర డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. అత్త బత్తాయి పక్కన పెట్టి లేచి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని మామ ఎదురుగా నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

"నువ్వేం మింగినావయ్యా?"

మామ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. కంబళి చెంగు లాక్కుని ముడి విప్పాడు. అందులో నాలుగు మాత్రలున్న అట్ట ముక్క ఉంది. దాని మీద ఉన్ని పోగులు అంటుకుని ఉన్నాయి.

డాక్టరమ్మ వచ్చి తీసుకుని పేరు చదివింది. చిన్నప్ప కూడా చూశాడు. ఆ మాత్ర ఏదో వాడికి చదవకుండానే తెలుసు. రోజుకెన్ని అని ఆమె అడిగితే మామ తన లెక్క చెప్పాడు. పొట్టేలు నలభై కేజీలుంటుంది, దానికి ఒకటి. తను అరవై కేజీలు, కాబట్టి ఒకటిన్నర. దద్దుర్లు లేచాక రెండు చేశాడు, ఆసుపత్రికొచ్చాక అన్నం సరిగ్గా తినడం లేదని మళ్లీ ఒకటిన్నరకు తగ్గించాడు.

"లెక్క తప్పు కాదు పెద్దాయనా," అంది డాక్టరమ్మ. "పొట్టేలుకు పడింది మీకు పడలేదు. అంతే."

ముందు నవ్వింది మామే. ఆ నవ్వుతో వార్డంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. మూడు రోజులుగా లోపల దాచుకున్న తిట్లన్నీ తిట్టాను, తిడుతూనే ఏడ్చాను, ఏడుస్తూనే ఆయన నోట్లో బత్తాయి తొనలు పెట్టాను. పొటాషియం ఎక్కువవుతుంది, ఇప్పుడు బత్తాయిలు పెట్టకూడదని డాక్టరమ్మ నా చేతిలోంచి లాక్కుంది. అప్పుడు మామ చిన్నప్ప వైపు తిరిగి, నేను చెప్పినా కదప్పా, ఇంక నువ్వు చెప్పు అన్నాడు. వాడూ తను వేసిన సూది పేరు చెప్పేశాడు. మామ మంచం మీద నుంచే భరత్‌కు ఫోన్ చేసి పెట్టెలో ఏ మందు తీయాలో, ఎంత వేయాలో చెప్పాడు. ఆ గొర్రె బతికింది.

మామ కూడా బతికాడు. గొర్రెల మాత్ర ఆపేసి, వాపు తగ్గడానికి స్టెరాయిడు మాత్రలు మొదలుపెట్టారు. గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు. నర్సు ఒక ప్లాస్టిక్ మగ్గు ఇచ్చి, మూత్రం కొలిచి రాయమంది. ఆ బాధ్యత అత్త తీసుకుంది. చదువు రాకపోయినా మగ్గు మీద గీతలు ఆమెకు బాగా తెలిశాయి. మొదటి రోజు రెండు గీతలు, తర్వాత అయిదు, నాలుగో రోజు మగ్గు నిండి ఇంకో మగ్గు అడిగింది. ప్రతిసారీ వార్డంతా వినిపించేలా లెక్క చెప్పేది. మా ఇంట్లో మనవడు పుట్టినప్పుడు కూడా ఆమె ముఖం అంత వెలగలేదు. మామ ముఖం మీద వాపు దిగి పాత ముడతలు తిరిగి వచ్చాయి. క్రియాటినిన్ మూడు, రెండు అని దిగుతూ నాలుగో వారానికి ఒకటీ పాయింట్ రెండు దగ్గర నిలిచింది. ఆ స్టెరాయిడు మాత్రలతో ఆకలి పెరిగి, ఇంటికొచ్చాక పూటకు మూడు రాగి సంగటి ముద్దలు తినేవాడు. మనుషుల మాత్రల్లో కూడా కొంచెం మందు ఉందని ఒప్పుకున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక కార్డు ఇచ్చింది. సల్ఫా మందు పడదని దాని మీద ఎర్ర సిరాతో రాసింది. పంటి నొప్పికి పోయినా, జ్వరానికి పోయినా ముందు ఇది చూపించాలి, ఇంకోసారి ఆ మందు లోపలికి పోతే ఇంతకంటే ప్రమాదమని గట్టిగా చెప్పింది. మామ దాన్ని భద్రంగా కంబళిలో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చిన వారానికి బూడిది పిల్ల ఆ కార్డు నమిలేసింది.

నేను ఎంత అరవాలో అంత అరిచాను. అరిచినా లాభం లేదు, ఫోనులో తీసి పెట్టుకున్న ఫొటో ఉంది కాబట్టి సరిపోయింది. మర్నాడే ఇంకో కార్డు రాయించి ప్లాస్టిక్ వేయిస్తానన్నాను. అత్త ఇంట్లోకి వెళ్లి ఎర్ర ఉన్ని దారం తెచ్చింది. దొడ్డి దగ్గర బండ మీద మామ కూర్చుని ఉన్నాడు. ఆమె దారం విప్పుతుంటే చూసి ఆయనకు సంగతి అర్థమైంది. వద్దంటాడనుకున్నాను. తలపాగా తీసి మెడ వంచాడు. అత్త ముడి వేసి, గొర్రెకు చూసినట్టే, బిగుసుకోకుండా రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూసింది.

ఆ నెల మడకశిర సంతకి నేనూ ఆయనతో వెళ్లాను. చొక్కా మొదటి గుండీ పెట్టుకోకుండా, దారం అందరికీ కనిపించేలా నడిచాడు. అడిగిన వాళ్లందరికీ చెప్పాడు. కొందరు నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆయన భయపడినట్టు ఎవరూ గొర్రెలు చూపించడం మానలేదు. మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు, కన్నడం కలిసిన యాస, అవతలి వైపు ఊరు. తన పొట్టేలు పళ్లు చూపించి, వెళ్లబోతూ ఆగి మెడలో దారమేంటని అడిగాడు.

"సల్ఫా పడదప్పా నాకు. కాలికి ముల్లిరిగితే గొర్రెల మాత్ర మింగినా. కిడ్నీలు పోయి వచ్చినాయి," అన్నాడు మామ.

ఆ మనిషి నవ్వలేదు. అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు. "నేనూ మింగుతాండా అన్నా, నాలుగు దినాల్నుంచి. ఈ పొద్దు నుంచి ఒళ్లు దురద," అని గొంతు తగ్గించి చెప్పాడు.

మామ చేతిలో పొట్టేలు తాడు వదిలేశాడు. ఆ మనిషిని ఎండలోంచి నీడకు లాగి బండ మీద కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"సిగ్గుపడొద్దు, నాకు చెప్పు," అన్నాడు. "పొద్దున ఉచ్చ పోసినావా?"